సెలెక్ట్ చేసిన టెక్స్ట్‌ని షెల్ కమాండ్‌కి పంపాలంటే ఏ ఎడిటర్ మేలు?

ఫైలు మధ్యలో ఒక 40 లైన్ల జాబితా ఉంది. దాన్ని అక్షర క్రమంలో పెట్టాలి, రెండేసి సార్లు వచ్చినవి తీసెయ్యాలి. షెల్‌లోని (టెర్మినల్లో కొట్టిన కమాండ్లను నడిపే ప్రోగ్రాం) సార్ట్ కమాండ్‌కి ఇది రెప్పపాటు పని. కానీ మనలో చాలామంది ఏం చేస్తాం? ఆ లైన్లు కాపీ చేసి, టెర్మినల్ తెరిచి, ఒక తాత్కాలిక ఫైల్లో పడేసి, సార్ట్ నడిపి, వచ్చింది మళ్లీ కాపీ చేసి పాత లైన్ల మీద పేస్ట్ చేస్తాం. పక్కింటాయనతో మాట్లాడ్డానికి ఊరంతా చుట్టి వచ్చినట్టు.

టెక్స్ట్ సెలెక్ట్ చేసి, మీట నొక్కి, కమాండ్ పేరు కొడితే ఫలితం అక్కడే వచ్చి కూర్చోవాలి. చాలా ఎడిటర్లలో ఇది కుదురుతుంది. అయితే ఒక్కోదాంట్లో ఒక్కో మెలిక. ఆ మెలికలు తెలియకుండా "ఏది మంచిది" అని అడిగితే ఎవరి ఎడిటర్ వాళ్లకు బంగారమే. (కమాండ్ల పేర్లు పలికినట్టు తెలుగులోనే రాస్తున్నాను. టెర్మినల్లో ఎలా కొడతారో మీకు తెలిసిందే.)

ముందు ఒక గందరగోళం తీర్చుకుందాం. "సెలెక్ట్ చేసిన టెక్స్ట్ మీద షెల్ కమాండ్" అన్నప్పుడు జనం రెండు వేర్వేరు పనులను ఒకే మాటతో చెబుతుంటారు. మొదటిది, సెలెక్ట్ చేసిన టెక్స్ట్‌నే కమాండ్‌గా నడపడం. నోట్స్‌లో రాసుకున్న కమాండ్ లైన్‌ని అక్కడికక్కడే అమలు చేయడం అన్నమాట. రెండోది, ఆ టెక్స్ట్‌ని వేరే కమాండ్‌కి ఇన్‌పుట్‌గా ఇచ్చి, వడపోసి తెచ్చుకోవడం. యూనిక్స్‌లో 1973 నుంచి ఉన్న పైపు (ఒక కమాండ్ ఫలితాన్ని ఇంకోదానికి ఇన్‌పుట్‌గా ఇవ్వడం) ఆలోచన ఇదే, ఎడిటర్‌లోకి వచ్చింది. ఇక్కడ ప్రధానంగా రెండోదాని గురించే చెబుతాను. మొదటిది చాలు అనుకునేవాళ్లకు వీఎస్ కోడ్‌లో ఉన్నదే సరిపోతుంది, దాని దగ్గర ఆగండి.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి

కమాండ్‌కి ఖచ్చితంగా ఏం వెళ్తుంది? మీరు లైన్లో సగమే సెలెక్ట్ చేశారు. ఆ సగమే వెళ్తుందా, మొత్తం లైన్ వెళ్తుందా? ఐదు చోట్ల విడివిడిగా సెలెక్ట్ చేస్తే ఐదూ కలిపి ఒక్కసారి వెళ్తాయా, ఐదుసార్లు కమాండ్ నడుస్తుందా? నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇది. మీట ఏదైనా మార్చుకోవచ్చు గానీ ఈ గుణం ఎడిటర్ ఎముకల్లో ఉంటుంది.

ఫలితం ఎక్కడికి వస్తుంది? పాత టెక్స్ట్ స్థానంలోకా, దాని పక్కకా, వేరే కిటికీలోకా? సార్ట్ చేసినప్పుడు మార్పు కావాలి. పదాలు లెక్కపెట్టినప్పుడు మాత్రం అసలు టెక్స్ట్ పోయి "212" అనే అంకె మిగిలితే ఎవరికీ నచ్చదు.

కమాండ్ తప్పితే? ఎర్రర్ మెసేజ్ మీ టెక్స్ట్ స్థానంలో వచ్చి కూర్చుంటుందా, లేక టెక్స్ట్ భద్రంగా ఉంటుందా?

రెండోసారికి ఎంత శ్రమ? రోజూ వాడే కమాండ్‌కి పేరో మీటో పెట్టుకోవడం ఎంత తేలిక అన్నది. ఇది చివర చూసుకున్నా ఫరవాలేదు.

## విమ్, నియోవిమ్

బిల్ జాయ్ 1976లో వీఐ రాసిన కాలం నాటి వంశం. టెక్స్ట్‌ని కమాండ్‌కి పంపడం దీనికి పుట్టుకతో వచ్చింది. విజువల్ మోడ్‌లో (టెక్స్ట్ ఎంచుకునే స్థితి) లైన్లు సెలెక్ట్ చేసి ఆశ్చర్యార్థకం నొక్కండి. కింద కమాండ్ లైన్ తెరుచుకుంటుంది. సార్ట్ అని కొట్టి ఎంటర్ చేస్తే అయిపోయింది. ఉన్న లైన్ ఒక్కటే పంపాలంటే ఆశ్చర్యార్థకం రెండుసార్లు. ప్లగిన్ అక్కర్లేదు, సెటప్ అక్కర్లేదు. దాదాపు ఎవరి సర్వర్‌లో లాగిన్ అయినా ఏదో ఒక వీఐ ఉంటుంది, ఎక్కువగా అక్కడా ఇదే మీట.

మెలిక: విమ్ ఎప్పుడూ పూర్తి లైన్లనే పంపుతుంది. "మొత్తం: 1200*18/100" అనే లైన్లో లెక్క భాగం మాత్రమే సెలెక్ట్ చేసి బీసీకి (లెక్కలు చేసే కమాండ్) పంపుదామనుకుంటే, "మొత్తం:" కూడా తోడు వెళ్తుంది, బీసీ గోల చేస్తుంది. దారి లేకపోలేదు. సి నొక్కి ఆ భాగాన్ని తీసేసి, ఇన్సర్ట్ మోడ్‌లోనే కంట్రోల్-ఆర్, ఆ తర్వాత సమానం గుర్తు కొట్టి, సిస్టమ్ ఫంక్షన్‌కి కమాండ్ పేరునూ తీసేసిన టెక్స్ట్ ఉన్న రిజిస్టర్‌నూ (విమ్ టెక్స్ట్ దాచుకునే చోటు) ఇస్తే కావలసిన ముక్కే మారుతుంది. ఇదంతా గుర్తుపెట్టుకునే ఓపిక ఉంటే సరే. లేదంటే దీన్నొక మ్యాపింగ్‌గా (ఒక మీటకు కట్టిన ఆదేశాల వరస) రాసుకోండి.

రెండో మెలిక ఎర్రర్‌ది. మామూలు సెట్టింగ్‌తో విమ్ ఎర్రర్ మెసేజ్‌ని కూడా ఫలితంలో కలిపేస్తుంది. ఒకసారి నేను తొందరలో కమాండ్ పేరు తప్పు కొట్టాను. 400 లైన్ల పదకోశం మాయమై, "అలాంటి కమాండ్ లేదు" అనే ఒక్క లైన్ మిగిలింది. యు నొక్కితే అంతా తిరిగి వచ్చిందనుకోండి. ఆ ఒక్క క్షణం మాత్రం గుండె జారింది. షెల్‌రీడిర్ అనే ఆప్షన్ మార్చితే ఎర్రర్లు ఫలితంలో కలవకుండా చేసుకోవచ్చు.

మూడోది చిన్నదే గానీ గంటలు తినేస్తుంది. కమాండ్‌లో శాతం గుర్తు రాస్తే విమ్ దాన్ని ప్రస్తుత ఫైలు పేరుగా మార్చేస్తుంది. ఆశ్చర్యార్థకం రాస్తే అంతకుముందు నడిపిన కమాండ్‌గా మారుస్తుంది. ఆక్‌లో (టెక్స్ట్‌ని లైన్లవారీగా మార్చే కమాండ్) శాతం గుర్తులతో నడిచే ప్రింట్ఎఫ్ వాడేవాళ్లంతా ఏదో ఒకరోజు ఇక్కడ పడతారు. ఆ గుర్తుల ముందు బ్యాక్‌స్లాష్ పెట్టాలి.

టెక్స్ట్ మార్చకుండా ఫలితం చూస్తే చాలనుకుంటే రైట్ కమాండ్ ఉంది: సెలెక్ట్ చేసి, కోలన్, డబ్ల్యూ, ఖాళీ, ఆశ్చర్యార్థకం, కమాండ్. ఆ ఖాళీ మర్చిపోకండి. ఖాళీ లేకపోతే, కమాండ్ పేరుతో ఫైల్ రాసెయ్యమని మీరు బలవంతపెట్టినట్టు అర్థం మారిపోతుంది.

## ఈమాక్స్

మెటా (సాధారణంగా ఆల్ట్ మీట), నిలువు గీత కలిపి నొక్కితే కమాండ్ అడుగుతుంది. సెలెక్ట్ చేసిన అక్షరాలే వెళ్తాయి, ఒక్కటి ఎక్కువ కాదు, తక్కువ కాదు. విమ్‌లో అవస్థ పడ్డ లెక్క భాగం ఇక్కడ నేరుగా పోతుంది.

ఈమాక్స్ స్వభావం జాగ్రత్తపరుడిది. ఊరికే నడిపితే టెక్స్ట్‌ని ముట్టుకోదు. ఫలితం చిన్నదైతే కింద గీతలో, పెద్దదైతే వేరే బఫర్‌లో (ఈమాక్స్ టెక్స్ట్ తెరిచే చోటు) చూపిస్తుంది. మార్చమంటేనే మారుస్తుంది, అందుకు ముందు కంట్రోల్-యు నొక్కాలి. పదాల లెక్క చూసుకోవడానికి ఇంతకంటే హాయి లేదు. రోజంతా సార్ట్‌లు చేసేవాళ్లకు మాత్రం ఆ అదనపు మీట చిరాకు. నాలుగైదు లైన్ల ఎలిస్ప్‌తో (ఈమాక్స్ సొంత భాష) సొంత కమాండ్ రాసుకుంటే ఆ చిరాకూ తీరుతుంది. ఎర్రర్లు ఇక్కడా మామూలుగా ఫలితంలో కలిసిపోతాయి. వేరే బఫర్‌కి మళ్లించే వేరియబుల్ ఉంది, పెట్టుకోండి.

అక్షరాల లెక్కన పంపడానికి ఒక మూల్యం ఉంది. లైన్ మధ్యలోని ముక్కను పంపితే, చాలా కమాండ్లు ఫలితం చివర కొత్త లైన్ గుర్తు జోడిస్తాయి. దాంతో మీ లైన్ రెండుగా విరుగుతుంది. స్క్రిప్టు చివర ఆ గుర్తును తీసేయడం అలవాటు చేసుకోవాలి.

## కకూన్, హెలిక్స్

ఐదు చోట్ల విడివిడిగా సెలెక్ట్ చేయడం మీ పనిలో రోజూ ఉంటే మిగతావన్నీ పక్కన పెట్టి ఈ రెండింటినీ చూడండి. రెండింట్లోనూ నిలువు గీత నొక్కితే ప్రతి సెలెక్షన్‌కీ కమాండ్ విడిగా నడుస్తుంది, ఏ ముక్క ఫలితం ఆ ముక్క స్థానంలోకి వస్తుంది. ఫైల్లో చెల్లాచెదురుగా ఉన్న 30 తేదీలను వేరే రూపంలోకి మార్చాలంటే: తేదీల నమూనాతో సెలెక్ట్, నిలువు గీత, కమాండ్. అంతే.

మీటల కుటుంబం కూడా పొందికగా ఉంది. నిలువు గీత మార్చుతుంది, ఆల్ట్‌తో కలిపితే పంపుతుంది గానీ ఫలితాన్ని పట్టించుకోదు. ఆశ్చర్యార్థకం ఫలితాన్ని సెలెక్షన్‌కి ముందు చేర్చుతుంది, ఆల్ట్‌తో అయితే తర్వాత. డాలర్ గుర్తు ఇంకో అందం: కమాండ్ విజయవంతమైన సెలెక్షన్లను మాత్రమే ఉంచి మిగతావి వదిలేస్తుంది.

ఇందులో హెలిక్స్ నాకు ఒక మెట్టు పైన. కమాండ్ విఫలమైతే ఎర్రర్ కింద చూపించి టెక్స్ట్‌ని అలాగే వదిలేస్తుంది. దీనికీ ఒక అడ్డం తిరిగే రోజు ఉంది: గ్రెప్‌కి (లైన్లు వెతికే కమాండ్) ఏమీ దొరక్కపోతే అదీ విఫలం కిందే లెక్క, కాబట్టి "దొరకలేదు, అంతా తీసెయ్" అనే పని నేరుగా జరగదు. ముక్క చివర కొత్త లైన్ గుర్తు లేకుండా పంపితే, ఫలితంలో అదనంగా వచ్చిన గుర్తును కూడా హెలిక్సే తీసేస్తుంది. రోజూ వాడే కమాండ్‌కి మీట పెట్టుకోవడం కాన్ఫిగ్ ఫైల్లో ఒక్క లైన్.

అయితే ప్రతి సెలెక్షన్‌కీ కమాండ్ విడిగా మొదలవుతుందని మర్చిపోకండి. రెండు వేల సెలెక్షన్లు చేసి పైథాన్ స్క్రిప్టుకి పంపితే రెండు వేలసార్లు పైథాన్ లేస్తుంది. టీ తాగి రావచ్చు.

## మెనూలు కావాలనుకునేవాళ్లకు

లినక్స్‌లో జీనీ అనే తేలికపాటి ఎడిటర్‌ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు గానీ ఈ పనికి చాలా సూటిగా ఉంటుంది. ఎడిట్ మెనూలో ఫార్మాట్ కింద, సెలెక్షన్‌ని కమాండ్‌కి పంపే అంశం ఉంది. మీకు కావలసిన కమాండ్లు అక్కడ రాసిపెట్టుకుంటే మొదటి మూడింటికి కంట్రోల్-1, 2, 3 మీటలు సిద్ధం. ఏమీ సెలెక్ట్ చేయకపోతే ఉన్న లైన్‌నే పంపుతుంది.

కేట్‌లో టెక్స్ట్ ఫిల్టర్ ప్లగిన్ ఆన్ చేస్తే కంట్రోల్-బ్యాక్‌స్లాష్‌తో విమ్ లాగే అప్పటికప్పుడు కమాండ్ కొట్టొచ్చు. ఎర్రర్లు కలపాలా వద్దా అనేది ఒక టిక్కు. ఫలితాన్ని పేస్ట్ చేయకుండా క్లిప్‌బోర్డ్‌లో పెట్టడం ఇంకో టిక్కు.

గెడిట్‌లో ఎక్స్‌టర్నల్ టూల్స్ ప్లగిన్ ఉంది. ఇన్‌పుట్ ఏది, అవుట్‌పుట్ ఎక్కడికి అనేవి రెండు డ్రాప్‌డౌన్‌లలో ఎంచుకోవడమే. పైన నేను చెప్పిన ప్రశ్నల్లో మొదటి రెండూ తెర మీద జాబితాలుగా కనిపిస్తాయి, అందుకే కొత్తవాళ్లకు నేర్పడానికి నేను దీన్నే వాడతాను. కాకపోతే కొత్త ఉబుంటుల్లో మామూలుగా వచ్చేది గెడిట్ కాదు, గ్నోమ్ టెక్స్ట్ ఎడిటర్. అందులో ఈ సౌకర్యం లేదు, గెడిట్ విడిగా పెట్టుకోవాలి.

మాక్‌లో అయితే బీబీఎడిట్. స్క్రిప్టు ఫైల్‌ని దాని టెక్స్ట్ ఫిల్టర్స్ ఫోల్డర్‌లో పడేస్తే చాలు, మెనూలో ప్రత్యక్షమవుతుంది. టెక్స్ట్‌మేట్‌లో బండిల్ కమాండ్‌కి ఇన్‌పుట్, అవుట్‌పుట్ రెండూ గెడిట్ లాగే ఎంచుకోవచ్చు. మాక్ వాళ్లు తరచూ తడబడే చోటు ఒకటుంది. డాక్ నుంచి తెరిచిన ఎడిటర్‌కి చాలాసార్లు మీ టెర్మినల్‌లోని పాత్ (కమాండ్లను వెతికే ఫోల్డర్ల జాబితా) తెలియదు. టెర్మినల్లో పనిచేసే జేక్యూ (జేసన్ డేటాను చదివే కమాండ్) ఎడిటర్లో "లేదు" అంటుంది. స్క్రిప్టులో పూర్తి దారి రాయండి.

## వీఎస్ కోడ్

ఇది చదివేవాళ్లలో ఎక్కువమంది వాడేది బహుశా ఇదే. ఈ పనికి సొంతంగా ఏర్పాటు లేనిది కూడా ఇదే, విచిత్రం. ఉన్నవి మూడు దారులు.

సెలెక్ట్ చేసిన టెక్స్ట్‌ని టెర్మినల్‌లో నడిపే కమాండ్ దీంట్లోనే ఉంది. మొదట్లో చెప్పిన మొదటి రకం పనికి ఇది చాలు: నోట్స్‌లోని కమాండ్లను ఒక్కొక్కటిగా నడుపుకుంటూ పోవచ్చు. ఫలితం టెర్మినల్‌లోనే ఉంటుంది, ఫైల్లోకి రాదు.

రెండోది టాస్క్‌లు. టాస్క్‌లో సెలెక్టెడ్‌టెక్స్ట్ అనే వేరియబుల్ రాస్తే ఆ టెక్స్ట్ కమాండ్ లైన్‌లోకే అతుక్కుంటుంది. ఇన్‌పుట్‌గా వెళ్లదు. ఇక్కడే ప్రమాదం. టెక్స్ట్‌లో ఒక కోట్ గుర్తు ఉన్నా, కొత్త లైన్ ఉన్నా కమాండ్ ముక్కలవుతుంది. డాలర్ గుర్తో సెమీకోలనో ఉంటే మీరు అనుకోనిది నడిచే అవకాశమూ ఉంది. ఒక్క పదాన్ని వెతకడానికి సరే, పేరాలకు వద్దు.

మూడోది ఎక్స్‌టెన్షన్. ఫిల్టర్ టెక్స్ట్ లాంటివి కమాండ్ అడిగి, సెలెక్షన్‌ని ఇన్‌పుట్‌గా పంపి, ఫలితంతో మార్చేస్తాయి. మనకు కావలసింది ఇదే. ఎక్స్‌టెన్షన్ ఎంచుకునేటప్పుడు చిన్న పరీక్ష చేయండి: రెండు చోట్ల సెలెక్ట్ చేసి ఒకసారి, లేని కమాండ్ పేరు ఇచ్చి ఒకసారి. పైన చెప్పిన మొదటి, మూడో ప్రశ్నలకు అర నిమిషంలో జవాబు దొరుకుతుంది. సబ్‌లైమ్ టెక్స్ట్ కథా ఇంతే, ప్యాకేజీ పెట్టుకోవాలి.

| ఎడిటర్ | ఏం వెళ్తుంది | ఫలితం ఎక్కడ | కమాండ్ తప్పితే | ముందస్తు పని |
|---|---|---|---|---|
| విమ్ | పూర్తి లైన్లు | అదే చోట | ఎర్రర్ టెక్స్ట్‌లో కలుస్తుంది | ఏమీ లేదు |
| ఈమాక్స్ | సెలెక్ట్ చేసినంతే | వేరుగా. అడిగితే అదే చోట | మామూలుగా కలుస్తుంది | ఏమీ లేదు |
| హెలిక్స్ | ప్రతి సెలెక్షన్ విడిగా | అదే చోట, ముందు, తర్వాత | టెక్స్ట్ భద్రం | ఏమీ లేదు |
| జీనీ | సెలెక్షన్, లేదా లైన్ | అదే చోట | ఎర్రర్ టెక్స్ట్‌లోకి రాదు | కమాండ్లు రాసిపెట్టాలి |
| గెడిట్ | మీరు ఎంచుకున్నది | మీరు ఎంచుకున్న చోట | స్క్రిప్టుని బట్టి | ప్లగిన్ ఆన్ చేయాలి |
| వీఎస్ కోడ్ | ఎక్స్‌టెన్షన్‌ని బట్టి | ఎక్స్‌టెన్షన్‌ని బట్టి | పరీక్షించి చూడాలి | ఎక్స్‌టెన్షన్ |

## తెలుగు టెక్స్ట్ అయితే

ఎడిటర్ ఏదైనా, పని చేసేది వెనకున్న కమాండే. తెలుగు విషయంలో ఆ కమాండ్లను గుడ్డిగా నమ్మకూడదు.

యూటీఎఫ్-8లో (అక్షరాలను బైట్లుగా దాచే పద్ధతి) తెలుగు లిపిలోని ప్రతి గుర్తుకూ 3 బైట్లు. "క్షీరం" మన కంటికి రెండు అక్షరాలు. కంప్యూటర్‌కి క, పొల్లు, ష, గుడిదీర్ఘం, ర, సున్న: మొత్తం 6 గుర్తులు, 18 బైట్లు. డబ్ల్యూసీ (లెక్కపెట్టే కమాండ్) చెప్పే "అక్షరాల" లెక్క ఈ ఆరు, మన రెండు కాదు. విమ్ నుంచి పంపితే లైన్ చివరి గుర్తుతో కలిపి ఏడు అంటుంది. రెవ్ కమాండ్‌తో తిరగేస్తే గుణింతాలు పక్క హల్లుకి అతుక్కుంటాయి.

గ్నూ టీఆర్ (ఒక గుర్తు బదులు ఇంకోటి పెట్టే కమాండ్) ఒక్కో బైటునూ విడిగా చూస్తుంది. పాత పుస్తకం నుంచి ఎక్కించిన ౧౨౩ అంకెలను 123గా మార్చడానికి టీఆర్ వాడితే చెత్త మిగులుతుంది. సెడ్‌లోని (టెక్స్ట్‌ని మార్చే కమాండ్) వై ఆదేశం యూటీఎఫ్-8 లొకేల్‌లో (భాష, లిపి సెట్టింగ్) ఈ పని శుభ్రంగా చేస్తుంది.

ఇక సార్ట్. లొకేల్‌ని సి అని పెడితే యూనికోడ్ సంఖ్యల క్రమంలో వస్తుంది. చాలావరకు మన వర్ణమాలకు దగ్గరే. కానీ యూనికోడ్‌లో ఱ అక్షరం ర పక్కన, ళ అక్షరం ల పక్కన ఉన్నాయి. బడిలో మనం "య ర ల వ శ ష స హ ళ క్ష ఱ" అని చదువుకున్నాం. కాబట్టి "కళ" వచ్చి "కవి" కంటే ముందు కూర్చుంటుంది. పదకోశం అచ్చుకి పంపేవాళ్లు ఇది చూసుకోవాలి. ఏ లొకేల్‌తో నడపాలో స్క్రిప్టులోనే రాసిపెట్టండి, లేకపోతే మీ యంత్రంలో ఒక క్రమం, స్నేహితుడి యంత్రంలో ఇంకో క్రమం వచ్చే ప్రమాదం ఉంది.

రెండుసార్లు వచ్చిన పదాలు తీసేశాక కూడా "ఫోన్" రెండుసార్లు కనిపిస్తోందా? ఒకదాని చివర కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ (పక్క అక్షరాలు కలిసిపోకుండా ఆపే గుర్తు) ఉండి ఉంటుంది. ముందు సెడ్‌తో పదాల చివర ఉన్న వాటిని తీసేసి, తర్వాత సార్ట్‌కి ఇవ్వండి. పదం మధ్యలోవి తీస్తే "సాఫ్ట్‌వేర్" రూపు మారిపోతుంది, జాగ్రత్త.

## మీరెవరు, ఏది తీసుకోవాలి

ఇప్పటికే విమ్ లేదా ఈమాక్స్ వాడుతుంటే ఎక్కడికీ కదలొద్దు. ఒక్క మీట నేర్చుకుంటే చాలు. సర్వర్ల మీద బతికే సిస్టమ్ అడ్మిన్‌లకు విమ్ తప్ప వేరే సలహా ఇవ్వను.

చెల్లాచెదురు ముక్కలతో పని, కొత్త మీటలు నేర్చుకునే వారం రోజుల ఓపిక ఉన్నవాళ్లకు హెలిక్స్.

కోడ్ రాయరు, పదకోశాలు, అనువాదాలు, జాబితాలతో పని. అలాంటివాళ్లకు లినక్స్‌లో గెడిట్ లేదా జీనీ, మాక్‌లో బీబీఎడిట్. స్క్రిప్టులు ఎవరైనా తెలిసినవాళ్లు రాసిస్తే మీరు మెనూలో నొక్కడమే.

వీఎస్ కోడ్ వాడే ఉద్యోగులు దీనికోసం ఎడిటర్ మార్చడం దండగ. ఎక్స్‌టెన్షన్ పెట్టుకోండి.

ఎవరైనా సరే, ఆరు పదాలకు మించిన కమాండ్‌ని ఎడిటర్ సెట్టింగుల్లో దాచొద్దు. హోమ్‌లో బిన్ అనే ఫోల్డర్ పెట్టుకుని అందులో చిన్న స్క్రిప్టుగా రాయండి: ఇన్‌పుట్ చదివి అవుట్‌పుట్ రాసేది, అంతే. నా "అంకెలు మార్చు", "పదాలు వరసపెట్టు" స్క్రిప్టులు మూడు ఎడిటర్లు మారినా ఒక్క అక్షరం మారలేదు. కోట్ గుర్తుల గొడవ, విమ్ శాతం గుర్తు గొడవ కూడా దీంతో పోతాయి.

విండోస్ వాళ్లకు ఒక మాట. విండోస్‌లోనూ సార్ట్ అనే కమాండ్ ఉంది, కానీ అది వేరే ప్రోగ్రాం, ఆప్షన్లు వేరు. పై సలహాలన్నీ అక్కడ నేరుగా పనిచేయవు. డబ్ల్యూఎస్ఎల్ (విండోస్‌లోనే లినక్స్ నడిపే ఏర్పాటు) పెట్టుకుని, వీఎస్ కోడ్‌ని దానికి కలిపి, ఫిల్టర్ ఎక్స్‌టెన్షన్‌ని లినక్స్ వైపు ఇన్‌స్టాల్ చేయండి. అప్పుడు నడిచేది లినక్స్ సార్టే. ఎక్స్‌టెన్షన్ విండోస్ వైపే ఉండిపోతే మాత్రం స్క్రిప్టు కనబడదని అంటుంది, మీరేమో స్క్రిప్టులో తప్పు వెతుకుతూ కూర్చుంటారు.